గీజర్ ప్లగ్ పాయింట్ మాడిపోతే: మళ్లీ మాడకుండా మార్చడం ఎలా

పవర్ పాయింట్ మాడితే చాలామంది సాకెట్ ఒక్కటే మార్చి ఊరుకుంటారు. ఆరు నెలలు తిరక్కుండా కొత్తదీ మాడుతుంది. అప్పుడు కంపెనీని తిడతారు, లేదంటే ఓల్టేజీని తిడతారు. నాసిరకం సాకెట్లు బజారులో నిండా ఉన్న మాట నిజమే. కానీ మంచి సాకెట్‌ను కూడా మాడ్చేవి మూడున్నాయి: కాలి నల్లబడిన వైరు చివర, అరిగి రంగు మారిన ప్లగ్ పిన్నులు, స్విచ్చికీ సాకెట్‌కీ మధ్య వేసిన సన్నని లూప్ వైరు. ఈ మూడింటినీ సరిచేయకుండా సాకెట్ మారిస్తే డబ్బు దండగ.

ముందు ఎందుకు మాడిందో చూడండి

2000 వాట్ల గీజర్ 230 ఓల్ట్‌ల దగ్గర సుమారు 8.7 ఆంపియర్లు లాగుతుంది. 3000 వాట్ల ఇన్‌స్టంట్ గీజర్ 13 ఆంపియర్లు లాగుతుంది. పిన్ను, సాకెట్ లోపలి ఇత్తడి రేకు గట్టిగా కరుచుకుని ఉంటే ఈ కరెంటు హాయిగా వెళ్లిపోతుంది. పట్టు వదులైతే అక్కడ రెసిస్టెన్స్ పెరుగుతుంది. 0.1 ఓమ్ పెరిగినా చాలు, 13 ఆంపియర్ల దగ్గర ఆ ఒక్క చోటే 17 వాట్ల వేడి పుడుతుంది. రేడియో రిపేరు షాపులో వాడే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. దాదాపు అంత వేడి ప్లాస్టిక్ డబ్బాలో, గాలి ఆడని చోట, వేలి గోరంత రేకు మీద కూర్చుంటుంది. వేడికి రేకు స్ప్రింగు గుణం పోతుంది, పట్టు ఇంకా వదులవుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. ఒకసారి మొదలైతే దానంతట అది తగ్గదు.

ఇంత జరుగుతున్నా ఎమ్‌సీబీ (కరెంటు మోతాదు మించితే దానంతట అదే పడిపోయే స్విచ్) పడిపోదు. అది చూసేది లైన్లో వెళ్లే కరెంటును మాత్రమే. గీజర్ లాగేది 13 ఆంపియర్లే కాబట్టి 16 ఆంప్స్ ఎమ్‌సీబీకి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. అందుకే "ఎమ్‌సీబీ ఉంది కదా, ఏం కాదులే" అని మాడు వాసనను పట్టించుకోకుండా ఉండకండి.

సాకెట్ విప్పాక మరక ఎక్కడుందో చూడండి. ముందు వైపు, పిన్ను దూరే కన్నం దగ్గర నల్లబడితే రేకు పట్టు పోయిందని, లేదా ప్లగ్ పిన్ను సన్నగా ఉందని అర్థం. వెనక వైపు, వైరు బిగించే స్క్రూ దగ్గర నల్లబడితే స్క్రూ లూజుగా ఉంది. స్విచ్ వెనక కరిగి ఉంటే అక్కడ 6 ఆంప్స్ స్విచ్ పెట్టారేమో చూడండి, దాని రేటింగ్ వెనకే అచ్చు వేసి ఉంటుంది. పవర్ సాకెట్ పక్కన లైటు స్విచ్ పెట్టి వదిలేసిన బోర్డులు కొత్త అపార్ట్‌మెంట్లలో కూడా కనిపిస్తాయి. పది రూపాయల మిగులు కోసం చేసే పని అది, క్షమించరానిది.

ప్లగ్ కాస్త గోరువెచ్చగా ఉంటే భయం లేదు. వేలు ఆనించి ఉంచలేనంత వేడిగా ఉన్నా, చిటపట శబ్దం వచ్చినా, ఇండికేటర్ దీపం మినుకుమన్నా, ప్లగ్ సాకెట్‌కు అతుక్కుని రాకపోయినా ఆ పాయింట్ ఇక వాడకండి.

మీరు చేయదగినదేనా?

ఉన్న సాకెట్, స్విచ్, ప్లగ్‌లను అదే సైజువాటితో మార్చడం ఇంట్లోవాళ్లు చేసుకోవచ్చు. కొత్త లైను లాగడం, లోడు పెంచడం, మార్పులు చేర్పులు చేయడం లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ పని. నియమాలు కూడా ఇదే చెబుతాయి. కింద చెప్పిన వాటిలో ఏది కనిపించినా పని అక్కడ ఆపేయండి: గోడ తడిగా ఉండటం, పైపు లోపలి దాకా వైరు తొడుగు పెళుసుబారి రాలిపోవడం, పాత ఇంట్లో తెల్లగా మెరిసే అల్యూమినియం వైరింగ్, గీజర్ పాయింటుకు లైట్ల లైను నుంచే ఫేజ్ లాగి ఉండటం. అల్యూమినియాన్ని రాగితో నేరుగా మెలేస్తే అతుకు దగ్గర పొర కట్టి వదులవుతుంది, మళ్లీ మాడుడే.

కొనేటప్పుడు

కావలసినవి: 16 ఆంప్స్ సాకెట్ ఒకటి, 16 ఆంప్స్ స్విచ్ ఒకటి, 16 ఆంప్స్ మూడు పిన్నుల ప్లగ్ ఒకటి, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు అర మీటరు, ప్లేటు స్క్రూలు రెండు అదనంగా. మీ బోర్డు మాడ్యులర్ రకమైతే పాత ప్లేటును విప్పి షాపుకు తీసుకెళ్లండి. ఒక కంపెనీ మాడ్యూల్ ఇంకో కంపెనీ ఫ్రేములో సరిగ్గా కూర్చోదు. బలవంతంగా నొక్కి పెడితే ప్లగ్ లాగిన ప్రతిసారీ సాకెట్ కూడా ఊగుతుంది.

ప్లగ్‌లు, సాకెట్ల ప్రమాణం ఐఎస్ 1293. ఇళ్లలో వాడే స్విచ్‌లది ఐఎస్ 3854, పీవీసీ వైర్లది ఐఎస్ 694. ఐఎస్ఐ గుర్తు ఒక్కటి చూసి తృప్తి పడకండి. గుర్తు పైన ప్రమాణం నంబరు, కింద సీఎమ్/ఎల్ అనే లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఆ లైసెన్సు ఎవరిది, ఏ వస్తువుకు ఇచ్చారు, ఇంకా నడుస్తోందా అన్నది తెలుస్తుంది. డబ్బా మీద ఒక పేరు, యాప్‌లో ఇంకో పేరు ఉంటే ఆ సరుకు వెనక్కి ఇచ్చేయండి. షాపు వాడు విసుక్కున్నా కౌంటర్ దగ్గరే చూడండి.

తర్వాత చేత్తో పరీక్ష. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకెళ్లండి. ఇత్తడికి అయస్కాంతం అంటుకోదు. ప్లగ్ పిన్నుకు టప్పున అంటుకుంటే అది పూత వేసిన ఇనుము, కొనొద్దు. సాకెట్‌లో మాత్రం స్క్రూలు, వెనక సాయంగా పెట్టే స్ప్రింగు ఉక్కువే కావచ్చు, వాటికి అంటుకున్నా తప్పు పట్టనక్కర్లేదు. వైరు దూరే ఇత్తడి దిమ్మకు అంటుకోకూడదు. పిన్నులు గట్టి కడ్డీలా ఉండాలి. రేకును చుట్టి గొట్టంలా చేసిన పిన్నులు బరువుకే తెలిసిపోతాయి.

16 ఆంప్స్ ప్లగ్‌లో ఫేజ్, న్యూట్రల్ పిన్నులు సుమారు 7 మిల్లీమీటర్ల లావు ఉంటాయి, 6 ఆంప్స్ వాటిలో సుమారు 5. రెండు సైజులూ పట్టే 6/16 సాకెట్లు వంటింట్లో సౌకర్యమే. కానీ లావు పిన్ను పెట్టి పెట్టి రేకు విచ్చుకున్నాక సన్న పిన్ను అందులో వదులుగా ఆడుతుంది. గీజర్‌కు 16 ఆంప్స్ ఒక్కటే ఉన్న సాకెట్ తీసుకోండి, దాన్ని ఇంక దేనికీ వాడొద్దు. కొనే ముందు అదే షాపులో ప్లగ్‌ను సాకెట్‌లోకి దూర్చి చూడండి. దూర్చడానికి కొంచెం బలం పెట్టాలి, లాగితే మొండికేయాలి. కొత్తప్పుడే జారుగా ఉన్నది ఏడాది తర్వాత బిగుసుకోదు.

వైరులోనూ మోసం ఉంది. రాగి పూత వేసిన అల్యూమినియం పోగులు పైకి అచ్చం రాగిలాగే కనిపిస్తాయి. ఒక పోగును బ్లేడుతో గీకండి, లోపల తెల్లగా ఉంటే పక్కన పెట్టేయండి. మల్టీస్ట్రాండ్ 2.5 వైరులో సాధారణంగా 0.3 మిల్లీమీటర్ల పోగులు 36 ఉంటాయి. ఇల్లంతా వైరింగ్ చేయించేవాళ్లు 90 మీటర్ల కాయిల్‌ను తూకం వేయించండి. 2.5 సైజులో రాగి ఒక్కటే దాదాపు 2 కిలోలు ఉండాలి, తొడుగు బరువు దాని మీద అదనం. కాయిల్ మొత్తం 2 కిలోలు కూడా తూగకపోతే పోగుల్లోనో పొడవులోనో కోత పడింది.

కరెంటు ఆపడం

ఈ ఒక్క పనిలో తొందర వద్దు. గీజర్ ఎమ్‌సీబీతో పాటు మెయిన్ కూడా దించండి. ఇన్వర్టర్ ఉంటే దాన్నీ దాని స్విచ్ దగ్గర ఆపండి. చాలామంది దెబ్బ తినేది ఇక్కడే. గీజర్ ఇన్వర్టర్ మీద లేకపోవచ్చు, కానీ అదే బోర్డులోని బాత్రూం లైటు ఇన్వర్టర్ మీద ఉంటుంది. మెయిన్ దించగానే ఇన్వర్టర్ అందుకుని ఆ లైటు వైరులోకి 230 ఓల్ట్‌లు పంపుతుంది. మెయిన్ దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి, లేదా ఎమ్‌సీబీ మీద టేపు అంటించి "పని జరుగుతోంది" అని రాయండి. కరెంటు పోయిందనుకుని ఇంట్లోవాళ్లు వచ్చి మెయిన్ ఎత్తేయడం మామూలే.

టెస్టర్‌ను ముందు కరెంటు ఉన్న చోట పెట్టి వెలుగుతోందని నిర్ధారించుకోండి. మెయిన్ దించాక బోర్డులోని ప్రతి వైరును టెస్టర్‌తో తాకి చూడండి, న్యూట్రల్‌తో సహా. నియాన్ టెస్టర్ ఎండ వెలుగులో కనిపించకపోవచ్చు, పొడి చెప్పులు వేసుకుని స్టూలు మీద నిలబడితే మసకగా వెలగొచ్చు. మల్టీమీటర్ ఉంటే ఫేజ్-న్యూట్రల్, ఫేజ్-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్ మూడూ కొలిచి సున్నా చూశాకే చెయ్యి పెట్టండి. నేల పొడిగా ఉండాలి. బాత్రూంలో స్నానాలైన వెంటనే ఈ పని పెట్టుకోకండి.

విప్పి, కోసి, బిగించడం

1. పై కవరును చప్పిడి స్క్రూడ్రైవర్‌తో ఒక మూల నుంచి లేపండి. లోపలి ప్లేటు స్క్రూలు రెండూ విప్పి, ప్లేటును మెల్లగా ముందుకు లాగండి. జర్రున లాగితే వేడికి పెళుసైన తొడుగు లోపలే చిట్లుతుంది.

2. వైర్లు విప్పక ముందే ఫోన్‌తో రెండు మూడు ఫోటోలు తీయండి. ఎర్ర, పసుపు, నీలం వైర్లు ఫేజ్, నల్లది న్యూట్రల్, ఆకుపచ్చది ఎర్త్ అన్నది రివాజు. కానీ మేస్త్రీ దగ్గర ఆ రోజు ఏ రంగు మిగిలితే అదే వాడిన ఇళ్లున్నాయి కాబట్టి రంగును నమ్మకండి. ఏ వైరు ఎక్కడి నుంచి వచ్చిందో చూసి, టేపు ముక్క మీద రాసి అంటించండి.

3. నల్లబడిన చివరను కోసేయండి. ఇది దాటేస్తే మిగతా శ్రమంతా వృథా. కాలిన రాగి మీద నల్లని పొర ఉంటుంది, దాన్ని ఎంత బిగించినా రెసిస్టెన్స్ పోదు. రాగి ఎర్రగా మెరిసే వరకు, తొడుగు మెత్తగా వంగే వరకు కోయండి. మామూలుగా 3 నుంచి 5 సెంటీమీటర్లు పోతుంది. అంత కోశాక వైరు అందకపోతే మెలేసి టేపు చుట్టి బాక్సులోకి తోసేయకండి. 13 ఆంపియర్లు నడిచే లైనులో ఆ మెలికే రేపటి మాడు. కనీసం 16 ఆంప్స్‌కు సరిపడే స్క్రూ కనెక్టర్ వాడండి, వీలైతే పైపులోంచి కొత్త వైరు లాగించండి.

4. తొడుగును సుమారు 10 మిల్లీమీటర్లు ఒలవండి. కొన్ని సాకెట్ల వెనక ఎంత ఒలవాలో గీత అచ్చు వేసి ఉంటుంది, దాన్నే పాటించండి. బ్లేడుతో ఒలిస్తే నాలుగైదు పోగులు తెగుతాయి, స్ట్రిప్పర్ వాడితే తెగవు. పోగులను కుడివైపుకు మెలితిప్పండి. కన్నం పెద్దదిగా, వైరు సన్నగా ఉంటే చివరను మడిచి రెండు వరసలు చేయండి. సీసంతో టంకం వేయొద్దు. గట్టిపడుతుంది కదా అనుకుంటారు గానీ స్క్రూ ఒత్తిడికి టంకం నెమ్మదిగా అణిగిపోయి కొన్నాళ్లకు అదే లూజవుతుంది. గట్టి చివర కావాలంటే 2.5 సైజు పిన్ లగ్ (వైరు చివరకు తొడిగే లోహపు పిన్ను) తొడిగి క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కించండి.

5. స్విచ్చి నుంచి సాకెట్‌కు వెళ్లే లూప్ చూడండి. గోడలోంచి 2.5 వైరు వస్తుంది, ఈ నాలుగంగుళాల ముక్క మాత్రం 1 సైజుది ఉంటుంది. దాన్ని తీసేసి మీరు తెచ్చిన 2.5 వైరు ముక్క వేయండి. ఒకే కన్నంలో లావు వైరు, సన్న వైరు కలిపి బిగించకండి. స్క్రూ లావుదాన్ని నొక్కుతుంది, సన్నది ఊరికే కూర్చుంటుంది.

6. సాకెట్‌ను ముందు నుంచి, ఎర్త్ కన్నం పైన ఉండేలా చూస్తే కుడివైపు కన్నం ఫేజ్, ఎడమది న్యూట్రల్. స్విచ్ ఫేజ్ మీదే ఉండాలి. వెనక నుంచి బిగిస్తున్నప్పుడు కుడి ఎడమలు తారుమారవుతాయి కాబట్టి అచ్చు వేసిన అక్షరాలు చదువుకుని బిగించండి. న్యూట్రల్‌కు స్విచ్ పెడితే గీజర్ ఆపినా లోపల హీటింగ్ ఎలిమెంటుకు ఫేజ్ అందుతూనే ఉంటుంది.

7. ఎర్త్ ముందు, తర్వాత న్యూట్రల్, ఆఖరున ఫేజ్ బిగించండి. స్క్రూ కింద తొడుగు నలగకూడదు, కన్నం బయట 2 మిల్లీమీటర్లకు మించి రాగి కనిపించకూడదు. బిగించాక ప్రతి వైరునూ విడివిడిగా లాగి చూడండి, ఆ తర్వాత స్క్రూను ఇంకోసారి తిప్పండి. మల్టీస్ట్రాండ్ పోగులు మొదటి బిగింపుకు సర్దుకుంటాయి, రెండోసారి అర చుట్టు తప్పకుండా పడుతుంది. స్క్రూ తలకు సరిపోయే డ్రైవర్ వాడండి. టెస్టర్‌తో బిగించేవాళ్లే ఎక్కువ, దాని కొన సన్నం కాబట్టి గట్టిగా తిప్పే లోపే గాడి అరిగిపోతుంది.

కన్నంలో స్క్రూ ఎంత తిప్పినా ఊరికే తిరుగుతుంటే ఆ సాకెట్ మరలు పోయాయి. కొత్తదైనా సరే, దాన్ని బిగించకండి. షాపుకు తిరిగి ఇచ్చేయండి.

ప్లగ్ కూడా మార్చాల్సిందే

రంగు మారిన పిన్నును ఇసుక కాగితంతో రుద్ది మళ్లీ వాడటం అలవాటు. రుద్దితే పూత పోతుంది, పిన్ను సన్నబడుతుంది, కొత్త సాకెట్ రేకు మీద గరుకు గీతలు పడతాయి. గీజర్‌తో వచ్చిన అచ్చు పోసిన ప్లగ్ మాడితే, మంచి రాగి కనిపించేదాకా వైరు కోసి, స్క్రూలతో బిగించే 16 ఆంప్స్ ప్లగ్ వేయండి. గ్యారంటీ ఇంకా ఉంటే కోయకముందు కంపెనీ సర్వీసుకు ఫోన్ చేయడం మంచిది. గోధుమ రంగు వైరు ఫేజ్, లేత నీలం న్యూట్రల్, ఆకుపచ్చ-పసుపు ఎర్త్. ఎర్త్ వైరును మిగతా రెండింటికన్నా ఒక సెంటీమీటరు పొడవుగా ఉంచండి. ఎవరైనా వైరు పట్టి లాగితే ఎర్త్ అన్నిటికన్నా ఆఖరున ఊడాలి. వైరు పట్టే బిళ్ల పైతొడుగు మీద బిగియాలి, లోపలి సన్న వైర్ల మీద కాదు.

ప్లేటు ఊగితే

మంచి సాకెట్ పెట్టి ప్లేటును వేలాడదీస్తే ప్లగ్ తీసిన ప్రతిసారీ వెనక వైర్లు కదిలి స్క్రూలు వదులవుతాయి. లోహపు బాక్సు చెవుల్లో మరలు పోయి ఉంటే అదే లావులో కొంచెం పొడవు స్క్రూ ప్రయత్నించండి, దాని మొన వైరును పొడవకుండా చూసుకోండి. చెవి విరిగి ఉంటే బాక్సే మార్చాలి, అందుకు గోడ కొట్టాలి. పాత ఇళ్లలో చెక్క పెట్టె మీద సన్‌మైకా షీటు ఉంటుంది, స్క్రూ కన్నాలు పెద్దవై ఊడుతుంటాయి. ఫెవికాల్‌లో ముంచిన అగ్గిపుల్లలు మందు తలలు తుంచేసి రెండు మూడు దిగ్గొట్టండి. మర్నాటికి ఆరాక పైకి తేలినవి కోసేసి స్క్రూ బిగించండి. చెక్క వేడికి నల్లబడి ఉంటే మాత్రం పెట్టె తీసేయండి, బొగ్గైన చెక్క సులువుగా అంటుకుంటుంది.

లోడు పెట్టి చూడటం

కవర్లన్నీ బిగించాకే మెయిన్ ఎత్తండి. మల్టీమీటర్ వాడటం తెలిసినవాళ్లు సాకెట్‌లో కొలవండి: ఫేజ్-న్యూట్రల్ మధ్య 230కి అటూ ఇటూ, ఫేజ్-ఎర్త్ మధ్య దాదాపు అంతే, న్యూట్రల్-ఎర్త్ మధ్య ఒకటి రెండు ఓల్ట్‌లు. ఫేజ్-ఎర్త్ మధ్య ఏమీ రాకపోతే ఎర్త్ లేనట్టే. బోర్డులో ఆకుపచ్చ వైరు కనిపించినంత మాత్రాన అది భూమి దాకా వెళ్లిందని కాదు. ఎర్త్ లేని పాయింటుకు గీజర్ పెట్టకండి.

ఇప్పుడు గీజర్ ఇరవై నిమిషాలు నడపండి. స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, పిన్నులను తాకండి. మూడూ గోరువెచ్చగా ఉంటే సరే. ఒకటే వేడిగా ఉంటే ఆ వైపు స్క్రూ చూడండి. వారం తర్వాత ఒకసారి, ఆపై ఏటా చలికాలం మొదలయ్యే ముందు ఒకసారి మెయిన్ దించి స్క్రూలు బిగించండి.

ఇదే లెక్క ఇంట్లో మిగతా వస్తువులకూ వేసుకోండి. 1500 వాట్ల వాటర్ హీటర్ రాడ్డు 6.5 ఆంపియర్లు లాగుతుంది, అంటే 6 ఆంప్స్ సాకెట్‌కు అది మోయలేని బరువే. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యిని ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెడితే బాక్సు కన్నా ముందు దాని సన్న వైరు వేడెక్కుతుంది. ఎమ్‌సీబీ మాటిమాటికీ పడుతుంటే 16 తీసి 32 పెట్టించుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. 2.5 వైరును కాపాడటానికి పెట్టిన 16ను తీసేస్తే ఆ పైన గోడలో వేడెక్కేది వైరే. 30 మిల్లీయాంప్స్ ఆర్‌సీసీబీ లేని ఇల్లైతే గీజర్ లైనుకైనా అది పెట్టించండి. అది మాడును ఆపదు గానీ లీకేజీ కరెంటు మనిషిని తాకినప్పుడు లైను తెంపుతుంది.

ఒక గదిలో లైట్లు కాంతి పెరిగి, ఇంకో గదిలో మసకబారుతుంటే అది మీ సాకెట్ తప్పు కాదు. త్రీ ఫేజ్ కనెక్షన్ ఇళ్లలో న్యూట్రల్ వదులైతే ఇలా అవుతుంది. మెయిన్ దించేసి కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి.

తీసేసిన సాకెట్‌ను, ప్లగ్‌ను డ్రాయరులో దాచకండి. సుత్తితో ఒక దెబ్బ వేసి పారేయండి, లేకపోతే ఎవరో ఒకరు "బాగానే ఉందిగా" అని ఇంకో బోర్డులో బిగిస్తారు.